ఓటుకు పనికొచ్చిన వేలు

2023 నవంబర్‌లో మన పల్లెల్లో ఒక వింత జరిగింది. సర్కారు ముసలోళ్ల ఇళ్లకు వచ్చింది. నమ్మరా? నిజంగానే వచ్చింది. జీపులో వచ్చింది. పోలీసుతో, వీడియో కెమెరాతో, చాటు కోసం అట్టముక్కతో సహా వచ్చింది. ఎనభై దాటినవాళ్లు పోలింగ్ కేంద్రం దాకా నడవలేరట. వరసలో నిలబడలేరట. అందుకని తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో తొలిసారి బ్యాలెట్ కాగితమే గడప దాకా నడిచొచ్చింది. "పెద్దాయనా, మీరు లేవొద్దు, మంచంలోనే కూర్చోండి" అన్నారు. సంతకం రాదంటే వేలిముద్ర చాలన్నారు. ఇంకు ప్యాడు కూడా వాళ్లే పట్టుకొచ్చారు.

ఆ వేలు పడింది. ఒక్కసారికే పడింది.

2025 వచ్చేసరికి అదే వేలు పడటం లేదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్... మూడు జిల్లాల్లో ఏ మండల కేంద్రానికైనా పోండి. మీసేవ బోర్డు కింద బెంచీ మీద ఒక తాత కూర్చుని ఉంటాడు. పేరు మీరే పెట్టుకోండి. మీ ఊరి తాతే. సంచిలో ఆధార్ ఉంది. రేషన్ కార్డు ఉంది. పింఛన్ పుస్తకం ఉంది. ఆయుష్మాన్ అని ఒకటి, ఆభా అని ఒకటి, ఈ-శ్రమ్ అని ఒకటి కూడా ఉన్నాయి. ఎవరో ఎప్పుడో ఫొటో తీసుకుని చేతిలో పెట్టారు. ఏది దేనికో ఆయనకు తెలియదు. ఇచ్చినవాళ్లకు తెలుసా అంటే, అది మర్యాదగల ప్రశ్న కాదు. ఇంతలో ఇంకో కార్డు వచ్చిందని విన్నాడు. డెబ్బై దాటితే ఐదు లక్షల వైద్యమట. అందుకే వచ్చాడు.

విన్నది అబద్ధం కాదు. 2024 సెప్టెంబర్ 11న కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. అక్టోబర్ 29న ధన్వంతరి జయంతి చూసుకుని మరీ ప్రధాని ఢిల్లీలో ప్రారంభించారు. పేరు ఆయుష్మాన్ వయ వందన. వయసుకు వందనమట! డెబ్బై ఏళ్లు నిండితే చాలు. పేదా గొప్పా తేడా లేదు, ఆదాయం అడగరు. దేశంలో ఆరు కోట్ల మంది పెద్దలకు మేలన్నారు. పాత జబ్బులకైనా మొదటి రోజు నుంచే వర్తిస్తుందన్నారు. ఇంట్లో వాళ్లకు ఇదివరకే ఆయుష్మాన్ ఉన్నా, పెద్దలకు ఈ ఐదు లక్షలు వేరుగా అన్నారు. చిన్నచిన్న మెలికలు మాత్రం చివర్లో గొణిగారు. ఐదు లక్షలు మనిషికి కాదు, కుటుంబానికి. ముసలాయనా ముసలమ్మా ఇద్దరూ డెబ్బై దాటితే ఇద్దరికీ కలిపే ఐదు లక్షలు. మాజీ సైనికుల పథకమో, కేంద్ర ఉద్యోగుల పథకమో ఇప్పటికే ఉంటే రెండింట్లో ఒకటి వదులుకోవాలి. ప్రైవేటు బీమా ఉన్నవాళ్లు మాత్రం రెండూ ఉంచుకోవచ్చు.

ఆ సభలోనే ప్రధాని ఢిల్లీ, బెంగాల్ పెద్దలకు క్షమాపణ చెప్పారు. వాళ్ల ప్రభుత్వాలు చేరలేదు కాబట్టి సేవ చేయలేకపోతున్నానని బాధపడ్డారు. మన తాతకు క్షమాపణ అక్కర్లేదు. మన రాష్ట్రం 2021లోనే ఆయుష్మాన్‌లో చేరింది. కాబట్టి ఆయన క్షమాపణ కూడా దక్కనివాడు.

కౌంటర్ దగ్గర ఏం జరుగుతోందో ఇక వినండి.

"తాతా, వేలు పడుతలేదు. ఇంకోటి పెట్టు."

"పదీ పెట్టిన బిడ్డా."

పడదు. ఎలా పడుతుంది? పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) లేబర్ వేలు అది. దేశంలో ఏ డ్యాం కింద తవ్వినా ఆ చేతుల మట్టి దొరుకుతుంది. రాళ్లు మోసి, గంపలెత్తి, గడ్డపార పట్టి వేలిగీతలు చెరిగిపోయాయి. దేశం కోసం అరిగిన వేలును దేశం గుర్తుపట్టదు. యంత్రం ఎర్రలైటు వెలిగిస్తుంది.

"సరే, కన్ను చూపియ్యి."

"కంట్ల పొర వచ్చింది సారూ. ఆ పొర తీయించుకుందామనే కార్డు అడుగుతున్న."

మళ్లీ చదవండి. కంటి ఆపరేషన్‌కు కార్డు కావాలి. కార్డుకు కన్ను కావాలి. ఈ మెలికకు మన పెద్దలు ఎప్పుడో పేరు పెట్టారు. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు. సామెతను సాఫ్ట్‌వేర్ చేసిన ఘనత మాత్రం మన కాలానిదే.

"పోనీ, ఫోన్‌కు ఓటీపీ వస్తది. నంబర్ చెప్పు."

"ఫోన్ కొడుకు దగ్గరున్నది. కొడుకు పుణెల సెంట్రింగ్ పనిల ఉన్నడు."

ఫోన్ చేస్తారు. కొడుకు నాలుగో అంతస్తు స్లాబు మీద ఉంటాడు. ఎత్తడు. ఎత్తేసరికి ఓటీపీ చచ్చిపోతుంది. మళ్లీ పంపిస్తే ఈసారి చెప్పాడు గానీ, ఆరు తొమ్మిదిలా వినబడింది. మూడోసారికి సర్వరే పడిపోయింది. "రేపు రా తాతా." రేపు అంటే ఇంకో బస్సు చార్జీ. ఇక్కడో చిన్న ముచ్చట. ఆడవాళ్లకు ఉచిత బస్సు 2023 డిసెంబర్ 9న మొదలైంది. మంచిదే. ముసలమ్మ ఆసుపత్రికి ఉచితంగా పోతుంది. ఆమెను పట్టుకుని ఎక్కించే ముసలాయన మాత్రం టికెట్ కొంటాడు.

తాతను బెంచీ మీదే ఉండనివ్వండి. ఆయనకు కూర్చోవడం అలవాటే. అసలు మనదేశంలో ముసలితనం ఎన్నో ఏట వస్తుందో చూద్దాం. తెలంగాణలో పింఛన్‌కు 57. 2021లో తగ్గించారు. తల్లిదండ్రుల పోషణ చట్టం 2007 ప్రకారం 60. ఆరోగ్య బీమాకు 70. ఇంటి దగ్గర ఓటుకు 2023లో 80. 2024 మార్చి వచ్చేసరికి ఎన్నికల సంఘం దాన్ని 85 చేసింది. అంటే 2023 నవంబర్‌లో 82 ఏళ్ల మనిషి నడవలేని ముసలోడు. 2024 మే 13న లోక్‌సభ పోలింగ్ నాటికి అదే మనిషి నడవగల పడుచువాడు! ఆర్నెల్లలో అంత ఆరోగ్యం ఏ ఆసుపత్రి ఇచ్చింది? ఆ వైద్యమేదో ఆరోగ్యశ్రీలో చేర్చండి మరి.

65 ఏళ్లవాడి గుండె ఆగితే? ఇంకో ఐదేళ్లు ఆగమను.

పరీక్షలన్నీ బతికున్నవాళ్లకే. చచ్చినవాళ్లకు ఈ బెడద లేదు. నేను అనడం లేదు, కాగ్ అంది. 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకొచ్చిన ఆయుష్మాన్ తనిఖీ నివేదిక తెరిచి చూడండి. రికార్డుల్లో చనిపోయినట్టు రాసిన 3,446 మంది పేర మళ్లీ చికిత్స జరిగింది. 6 కోట్ల 97 లక్షలు చెల్లింపు కూడా అయింది. ఇంకోచోట దాదాపు ఏడున్నర లక్షల మంది లబ్ధిదారులకు ఒకే ఫోన్ నంబర్. పది తొమ్మిదులు! ఏడున్నర లక్షల మందికి ఒకే నంబర్ ఎలా కుదిరింది, మన తాతకు కొడుకు నంబర్ ఎందుకు కుదరలేదు? పది తొమ్మిదులు నొక్కే చేయి ఎవరిది? ఆ చేతికి గీతలు బాగానే పడుతున్నట్టున్నాయి.

పాలమూరుకు ఈ పథకాలు కొత్త కాదు. ఇక్కడే పుట్టాయి. 2007 ఏప్రిల్ 1న వైఎస్ ప్రభుత్వం ఆరోగ్యశ్రీని మొట్టమొదట మూడు జిల్లాల్లో ప్రయోగించింది. అనంతపురం, శ్రీకాకుళం, మహబూబ్‌నగర్. కరువు, వలస, రోగం చూసి ఎంచిన జిల్లాలు. అప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మహబూబ్‌నగర్‌లోనే ఉండేవి. 2016 దసరాకు విడదీశారు. ఆ ఏప్రిల్‌లో 52 ఏళ్లున్న మనిషికి 2025లో డెబ్బై. పద్దెనిమిదేళ్ల ప్రయోగంలో మొదటి వరస మనిషి. ఇంకా వరసలోనే ఉన్నాడు.

పైగా ఈ జిల్లాకు దిక్కులేదని ఎవరూ అనలేరు. చంద్రబాబు దత్తత తీసుకున్నారు. కేసీఆర్ 2009లో ఇక్కడి నుంచే పార్లమెంటుకు పోయారు. ఇప్పటి ముఖ్యమంత్రిది నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లి. దత్తత తండ్రి, ఎంపీ తండ్రి, సొంత బిడ్డ... అందరూ అయ్యారు. తాత మాత్రం బెంచీ మీదే.

ఇక చేయూత కథ. ఇది కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి. ఆరు గ్యారంటీల్లో ఒక గ్యారంటీ పేరు చేయూత. 2023 సెప్టెంబర్‌లో తుక్కుగూడ సభలో ప్రకటించారు. అందులో మాటలు రెండే. నెలకు 4,000 పింఛన్ ఒకటి. పది లక్షల ఆరోగ్యశ్రీ ఇంకొకటి. డిసెంబర్ 7న ప్రమాణం. డిసెంబర్ 9న పది లక్షలు అమలు. రెండంటే రెండు రోజుల్లో! పథకం పేరు ముందు రాజీవ్ కూడా తిరిగొచ్చి కూర్చున్నాడు. మరి అదే గ్యారంటీలోని రెండో సగం? 2025లో కూడా ముసలోళ్ల పింఛన్ 2,016 రూపాయలే. ఒకే కాగితం, ఒకే వాక్యం, ఒకే సంతకం. ఒక సగం రెండు రోజుల్లో పరుగెత్తింది. ఇంకో సగానికి మోకాళ్ల నొప్పులు.

ఎందుకో తెలుసా? పరిమితి పెంచడానికి కావాల్సింది జీవో. పింఛన్ పెంచడానికి కావాల్సింది పైసలు. పది లక్షలంటే ఎవరి చేతికీ వచ్చే పది లక్షలు కాదు. రోగం వచ్చి, ఆ రోగం 1,835 చికిత్సల పట్టికలో ఉండి, నెట్‌వర్క్ ఆసుపత్రి చేర్చుకుని, అనుమతి వస్తే, ఆ ప్యాకేజీకి ఎంత రాసుందో అంత ఆసుపత్రికి పోతుంది. గరిష్ఠం అది. ఆకాశం అంత ఎత్తు ఉందని జీవో ఇస్తే ఖజానాకు ఖర్చేముంది? నాలుగు వేలైతే నెలనెలా లెక్కపెట్టి ఇవ్వాలి. అక్కడే చెయ్యి వణుకుతుంది.

సరే, ఆకాశం పెంచారు. ఆసుపత్రుల బిల్లులైనా కట్టారా? 2025 జనవరిలో ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి. సెప్టెంబర్‌లో మళ్లీ ఆపేశాయి. బకాయిలు వెయ్యి కోట్లు దాటాయని వాళ్ల సంఘం మొత్తుకుంది. అంత లేదని సర్కారు. చర్చలు, కొంత విడుదల, నవ్వుల ఫొటో. ఆ మధ్య రోజుల్లో గుండెపోటు వచ్చినవాళ్లను ఎవరైనా లెక్క పెట్టారా? ఊరందరికీ బంతి భోజనాలని డప్పు కొట్టించి, వంటాయనకు బియ్యం పైసలివ్వని పెళ్లివారిని ఏమంటాం? మనమైతే నాలుగు మాటలంటాం. సర్కారునైతే మళ్లీ గెలిపిస్తాం, లేదా వంటాయనకు అంతకుముందే బాకీ పడ్డవాళ్లను గెలిపిస్తాం.

ఆసుపత్రివాళ్లు పుణ్యాత్ములని కాదు సుమా. కార్డు చూడగానే ముఖం మాడ్చే కౌంటర్లు మనకు తెలియనివా? "బెడ్లు లేవు, క్యాష్ అయితే చూద్దాం" అనే మాట ఏ బోర్డు మీదా రాసుండదు. అయినా అందరికీ కంఠతా వచ్చు.

ఇప్పుడు గద్వాలకు పోదాం. అక్కడ రోగానికి ఒక దిక్కు ఉంది. దక్షిణం. అలంపూర్ మనిషికి కాలు విరిగినా, గుండె బరువెక్కినా, తాతల నాటి నుంచి తెలిసిన పెద్దాసుపత్రి కర్నూలు. వంతెన దాటితే చాలు, తుంగభద్ర అవతలే. హైదరాబాద్ చేరాలంటే ముందు బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఆ తర్వాత అక్కడి ఆంజనేయుడిని తలుచుకుంటూ గంటల ప్రయాణం. ఏ ఊరి మనిషైనా దగ్గరి దారే చూసుకుంటాడు. 2014లో రాష్ట్రం రెండైంది. ఆరోగ్యశ్రీ ట్రస్టులూ రెండయ్యాయి. అవతలి ఒడ్డున పథకం పేరు కొన్నాళ్లు ఎన్టీఆర్ వైద్యసేవ, కొన్నాళ్లు వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ. పేరు మార్చే విషయంలో ఏ ప్రభుత్వమూ ఒక్కరోజు ఆలస్యం చేయలేదు. ఈ ఒడ్డు కార్డుకు ఆ ఒడ్డున ఏ విలువ ఉందో మాత్రం వంతెన ఎక్కకముందే కనుక్కోవాలి. గుండె పట్టుకుని ఫోన్ చేసి కనుక్కోవాలి.

ఆ సరిహద్దు ఎంత గట్టిదో 2021 మేలో చూశాం. కొవిడ్ రెండో అల. పుల్లూరు టోల్‌గేట్. కర్నూలు వైపు నుంచి హైదరాబాద్‌కు పోయే అంబులెన్సులను మన పోలీసులు ఆపారు. లోపల ఆక్సిజన్, బయట అనుమతి పత్రం. హైకోర్టు గదమాయిస్తే గానీ దారి తెరుచుకోలేదు. కేంద్రం కార్డు దేశమంతా చెల్లుతుందని చెబుతున్న పెద్దలకు పుల్లూరు గుర్తుందా? దేశం మొత్తం ఒకటే అంటారు. అంబులెన్సుకు మాత్రం వీసా అడుగుతారు.

అమ్రాబాద్ పోదామా? నల్లమల లోపల అప్పాపూర్ లాంటి చెంచు పెంటల్లో సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలి. అక్కడి అవ్వకు ముఖం చూపిస్తే చాలని కొత్త యాప్ చెబుతోంది. చూపించడానికి ముఖం ఉంది. చూసే యాప్‌కే సిగ్నల్ లేదు. అడవిలో జంతువులు రాత్రి తిరిగితే కెమెరాలు ఫొటోలు తీస్తాయి. పులుల లెక్క చారలతో సహా తేలుతుంది. అవ్వ లెక్క తేలదు.

కాలేజీలున్నాయి కదా అంటారా? ఉన్నాయి. వనపర్తికి, నాగర్‌కర్నూల్‌కు 2022లో, గద్వాలకు 2024లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. మూడు జిల్లాలకు మూడు. కాదనం, చేతులెత్తి దండం పెడతాం. ఒక్క ప్రశ్న. రాత్రి పన్నెండింటికి మీ నాన్నకు ఛాతీలో నొప్పొస్తే అంబులెన్సు ఆ కాలేజీ గేటు లోపలికి తిరుగుతుందా, మహబూబ్‌నగర్ రోడ్డు పడుతుందా? జవాబు నేను చెప్పను. డ్రైవర్‌ను అడగండి.

అన్నీ దాటి కార్డు వచ్చిందే అనుకుందాం. దేనికి పనికొస్తుంది? మంచం ఎక్కితే పనికొస్తుంది. ఆసుపత్రిలో చేరితేనే ఈ బీమా. చేరడానికి ముందు మూడు రోజులు, ఇంటికొచ్చాక పదిహేను రోజుల మందులు అందులో కలుస్తాయి. మిగతా జీవితం? ముసలోళ్లను మెల్లగా తినేది బీపీ, షుగర్, మోకాళ్లు, కళ్లు, దగ్గు. ఓపీ చీటీకి బీమా లేదు. రోజూ మింగే గోలీకి లేదు. సర్కారు దవాఖానలో గోలీలు ఉన్ననాడు ఉంటాయి, లేనినాడు బయటికి చీటీ రాస్తారు. అంటే రోజుకు పది రూపాయల గోలీ కొనలేక పక్షవాతం తెచ్చుకున్నవాడికి లక్షల వైద్యం ఉచితం. గోలీ మాత్రం కాదు. మండే కొంపకు ఫైరింజన్ ఇస్తాం, నీళ్ల కుండ అడక్కండి. ఆ గోలీల పైసలకే కదా ఆ నాలుగు వేలు? మిగిలిన 1,984 ఎక్కడ ఆగిందో చేయూతను అడగాలి.

తోడు మనిషి కూలీ సంగతి ఏ పథకంలోనూ లేదు. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న కోడలికి పదిరోజుల కూలీ పోతుంది. అటెండెంట్ లేకపోతే ఆసుపత్రి చేర్చుకోదు. పల్లెలో ఉన్నదంతా ముసలోళ్లే, పడుచువాళ్లు పుణె, ముంబై, హైదరాబాద్. ఒక ముసలోడికి ఇంకో ముసలోడే అటెండెంటు. ఎవరిని ముందు పడుకోబెట్టాలో నర్సమ్మ తేల్చుకోవాలి.

తాత బెంచీ మీద నిద్రపోయాడు. లేపుదాం. సర్వర్ వచ్చింది.

ఈసారి ముఖం పట్టింది. "కండ్లు ఆర్పు తాతా" అన్నాడు పిల్లోడు. తాత ఆర్పాడు. పచ్చలైటు! పక్కన కూర్చున్నవాళ్లు కూడా సంబరపడ్డారు. పిల్లోడు తెర వైపు చూశాడు. తాత వైపు చూశాడు. మళ్లీ తెర చూశాడు.

"తాతా, నీకు ఇంకా డెబ్బై నిండలే. అరవై తొమ్మిదే ఉన్నది. 1956 జనవరి ఒకటి."

ఆధార్ తీసిన రోజు ఎవరో ముఖం చూసి అంచనా వేశారు. జనవరి ఒకటి వేశారు. మన పల్లెల్లో సగం మంది జనవరి ఒకటినే పుట్టారు. డిసెంబర్ ముప్పై ఒకటి రాత్రి ఊరూరా మంత్రసానులు ఎంత అలిసిపోయి ఉంటారో! దిద్దించుకోవడానికి ఒకే ఒక్క అవకాశం ఇస్తారు. దానికీ పుట్టిన కాగితం కావాలి. తాత పుట్టింది సంస్థానం రోజుల్లో. కాగితం ఇవ్వాల్సిన రాజులు పోయారు. వనపర్తి రాజుగారి కోటలో ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తోంది. అక్కడ అడిగితే డిప్లొమా ఇస్తారేమో, బర్త్ సర్టిఫికెట్ ఇవ్వరు.

"రజాకార్లు ఊర్ల పడ్డప్పుడు మేకలు కాసుకుంట గుట్టల్ల దాక్కున్న బిడ్డా. గప్పుడు నేను పుట్టనే లేదా?"

"లేదు తాతా. ఇండ్ల లేదు."

"మరి ఓటుకు ఇంటికొచ్చినప్పుడు ఎనభై రెండు అన్నరు గద?"

"అది ఓటరు లిస్టు. ఇది ఆధార్. జనవరి దాటినంక రా."

తాత కాగితాలన్నీ ఒక్కొక్కటే సంచిలో పెట్టుకున్నాడు. లేచి నిలబడ్డాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"బిడ్డా, మళ్ల ఓట్లు ఎప్పుడున్నయి?"